వట్టి చూపులు

నిన్నటి చిట్టాను జమున మూడోసారి స్క్రిప్టులో పోసింది. మూడోసారీ అది మొరాయించింది. వచ్చిన జాబులు ఒక లెక్క. చేరినవీ తాలూ కలిపితే ఇంకో లెక్క. రెండూ ఒక్కటి కావాలి, కాలేదు. ఆ తేడా తెర మీద ఎర్ర గడిలో కూర్చుని ఆమెనే చూస్తోంది. ఆ గడి పేరు కారుడు. పైనున్న జోను ఆఫీసు దాన్ని ఈ వారమే కొత్తగా పెట్టించింది.

కారితే తక్కువ కావాలి కదా! ఇక్కడ ఎక్కువైంది. చేటలో పోసినవాటికంటే చేటలోంచి బయటపడ్డవే ఎక్కువ.

“ఓదెలన్నా, మన చేట పిల్లలు పెడుతున్నదే!”

పక్క బల్ల దగ్గర ఓదెలు తల ఎత్తలేదు. “పెట్టనియ్ చెల్లె. మంచిగ పురుడు జేద్దాం.”

ఓదెలు ఈ కేంద్రం తలుపు తీసిన రోజు నుంచీ ఉన్నవాడు. నెరిసిన మీసం, మెడలో తువ్వాల, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన చాయ్. ఏడాది తిరక్కముందే రిటైరవుతాడు. జమున వచ్చి పదకొండేళ్లు. చేట ఆలనాపాలనా అతనిది, చేట లెక్కలు ఆమెవి.

ఖని ఊళ్లో చెరుగుడు కేంద్రం పాత రెస్క్యూ స్టేషన్ భవనంలో ఉంది. కింది అంతస్తులో చేట, పై అంతస్తులో దాని మంచిచెడ్డలు చూసే ముగ్గురు మనుషులు. ఊళ్లోకి వచ్చే ప్రతి జాబూ, ఊళ్లో ఒకరికొకరు పంపుకునే ప్రతి జాబూ ముందు చేట మీద పడాల్సిందే. గింజయితే పెట్టెకు చేరుతుంది. తాలయితే కుప్పలో పడుతుంది. వరద రోజులు చూసినవాళ్లెవరూ దీనికి అడ్డు చెప్పరు. అప్పట్లో మనిషి రాసిన ఒక్క జాబు దొరకాలంటే యంత్రాలు రాసిన వేల జాబుల్లో మెడ దాకా దిగి దేవులాడాల్సి వచ్చేది. చావు కబుర్లు కూడా లాటరీ జాబుల కింద పడి కుళ్లిపోయాయి. అందుకే చేటలు వచ్చాయి. రావడం మంచిదే. తప్పు చేటది కాదు, చేటను మించిన తెలివి లేదని తీర్మానించుకున్నవాళ్లది.

ఇన్‌చార్జి షమీమ్ మేడం మెట్లెక్కి వచ్చింది. చెప్పుల చప్పుడులోనే కబురు మంచిది కాదని తెలిసిపోయింది.

“జమునా, జోను నోటీసు. పద్నాలుగు కేంద్రాలల్ల కారుడు మనకొక్కదానికే ఉన్నదట. సాయంత్రం అయిదింటి పట్టికల సున్న రాకపోతే రేపటిసంది చెయ్యి సీలు.”

ఓదెలు గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఈ కేంద్రంలో చెయ్యి అతనిది. చేట పొరపాటున కుప్పలో పడేసిన గింజను ఏరి, పెట్టెలో వేయగలిగింది అతనొక్కడే.

“లెక్క తప్పితే స్క్రిప్టును తిట్టాలె గని మేడం, చెయ్యేం జేసింది?”

“మనిషి ఏదో కెలుకుతున్నడని వాళ్ల అనుమానం. యంత్రం తప్పు జేయదట. ఫోన్ల ఒక పోరడు నాకు పాఠం జెప్పిండు.”

“ఎవలకు పుట్టిండట, యంత్రానికా?” అన్నాడు ఓదెలు.

“అన్నా, జర ఊకో,” అంటూ జమున కొంగు నడుముకు దోపింది. “మేడం, అయిదు లోపట తేలుస్త.”

స్క్రిప్టులో తప్పు పట్టాలంటే దాన్ని నమ్మడం మానేయాలి. రాసింది తనే కాబట్టి తనను నమ్మడం కూడా మానేయాలి. ఒకే జాబు పది పెట్టెలకు పోతే పదిగా లెక్కపెడుతోందా? చూసింది. లేదు. పంపినవాడి పేరు పొడుగై వరుస రెండుగా విరిగితే రెండు జాబులనుకుంటోందా? అదీ లేదు. అక్కర్లేని వరుసలను ఏరిపారేసే నియమాలను ఒక్కొక్కటిగా తీసేసింది, వాటిలో ఏదన్నా పనికొచ్చేదాన్ని కూడా పారేస్తోందేమోనని. ఎర్ర గడి చెక్కుచెదరలేదు. ఇక చిట్టానే సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి, ఒక్కో ముక్కనూ విడిగా పోసింది. ముక్కలన్నీ బుద్ధిగా సరిపోయాయి. మొట్టమొదటి ముక్క సరిపోలేదు. అందులో కొన్ని జాబులు గడప దాటకుండానే ఇంట్లో కూర్చున్నాయి. చేరినట్టుంది, వచ్చినట్టు లేదు.

ఒక్కో జాబుకూ పడే గుర్తింపు ముద్రలు పట్టుకుని అంతకుముందు చిట్టా తెరిచింది. దాని తోకలో దొరికాయి. అక్కడ అన్నిటికీ ఒకటే గుర్తు, తాలు. ముందటి చిట్టాలో తాలుగా ఒకసారి, తర్వాతి చిట్టాలో చేరినట్టుగా ఇంకోసారి. రెండుసార్లు లెక్కకెక్కాయి. కారుడంటే ఇదే.

అన్నిటిలో ఉన్నదీ ఒకటే మాట. ఎక్కిన.

జమున చేతులు బల్ల మీద ఆగిపోయాయి. ఆ మాట ఆమెకు కూడా రోజూ వస్తుంది.

ఖని కింద బొగ్గు తవ్వడం ఆగి చాలా ఏళ్లయింది. మంట ఆగలేదు. తవ్వి వదిలేసిన సొరంగాల్లో బొగ్గు దానంతటదే అంటుకుని ఊరి అడుగున తిరుగుతోంది. దాని ముందు గోడలు కట్టడానికి అగ్గిబందు మనుషులు రోజూ బొగ్గుబాయిలోకి దిగుతారు. జమున మొగుడు కొమురెల్లి వాళ్లలో ఒకడు. షిఫ్టయి పైకి రాగానే ప్రతి మనిషీ ఇంటికి పంపేది ఆ ఒక్క మాటే. తాతలు వాకిట్లో నిలబడి నోటితో చెప్పిన మాటనే మనవలు జాబులో పెడుతున్నారు. ఒక్క అక్షరం కలపరు, ఒక్క అక్షరం తీయరు. దానికి జమున పంపే జవాబు “ఊఁ”. పదకొండేళ్ల సంసారంలో సగం ఉత్తరప్రత్యుత్తరాలు ఇవే.

“అన్నా, చిట్టా ఎప్పుడు మారుతున్నది?”

“సైరన్‌కు.”

“సైరన్‌కా? గడియారానికి కాదా?”

“ఖనిల పొద్దు సైరన్‌కే మారుతది గద! కేంద్రం పెట్టినప్పుడు అడిగిండ్రు, నేను అదే రాసిన. కిటికీ మీద మైకు లేదా? దానికి సైరన్ ఇనవడ్డదంటే పాత చిట్టా బందు, కొత్తది షురూ.”

ఇన్నాళ్లూ ఆ మైకును జమున ఏదో పిట్టగూడు అనుకుంది.

“సరే. మరి కుప్పల పడ్డ ఎక్కినలు లేచి ఇండ్లకు ఎట్ల నడిచినయ్?”

ఓదెలు తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. తుడవడానికి మూతి మీద ఏమీ లేదు. “నేనే తీస్తున్న. కేజ్‌ల ఆఖరి మనిషి పైకొచ్చేదాక సైరన్ ఊదరు. సైరనయిందంటే అందరు ఎక్కినట్టు. అప్పుడు కుప్పలకెళ్లి తీసి పెట్టెలల్ల ఏస్త.”

“రోజా?”

“రోజు. రాత్రి షిఫ్టుయి ఇంటికాణ్నుంచే.”

ఒకే చిరునామా నుంచి ఒకే చిరునామాకు ఒకే మాట పదే పదే పోతే అది తాలు. పునరుక్తి సూత్రం. వరద రోజుల్లో పెట్టారు, ఆ తర్వాత ఎవరూ దానివైపు తిరిగి చూడలేదు. ఈ సూత్రం జమునకు కంఠతా వచ్చు. అయినా కొమురెల్లి మాట తన పెట్టెకు వస్తోందంటే, చేటకు అతను తెలుసని ఆమె నమ్మింది. తను లెక్కలు చూసే చేట తన మొగుణ్ని గుర్తుపట్టిందని లోపల్లోపల కాస్త మురిసింది కూడా. గుర్తుపట్టింది చేట కాదు. పక్క బల్ల.

“నాకు చెప్పొచ్చు గదనే అన్నా.”

“చెప్తే నువ్వు లెక్కల రాస్తవు. నీకు అబద్ధం ఆడస్తదా? కొమురెల్లికి బర్త్‌డే అంగీ కొని, మూడొద్దుల ముందుగాల్నే చెప్పేసినదానివి.”

వెనక నిలబడి అంతా విన్న షమీమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె చెడ్డది కాదు. నోటీసులకు భయపడే మనిషి, అంతే. “ఓదెలూ, సూత్రం ప్రకారం తాలయినదాన్ని చేత్తోని తీస్తే నేరం. ఎర్కేనా?”

“ఎర్కే మేడం.”

“యా అల్లా! ఎర్కే అంటడేంది!” ఆమె జమునవైపు తిరిగింది. “ఆ ముద్రలను చిట్టాలకెళ్లి పీకెయ్. సున్న వస్తది. జోనుకు సున్న కావాలె, మనకు చెయ్యి కావాలె. కథ ఖతం.”

“ఇయ్యాల్టికి ఖతం,” అంది జమున. “అన్న రిటైరయినంక? కొత్తగొచ్చినోడు సూత్రం చదువుకోని వస్తడు. కుప్పల చెయ్యి పెట్టడు. అప్పుడు ఖనిల ఒక్క ఇంటికి గూడ కబురు రాదు. నేను గూడ పొయ్యి ముందట కూసోని ఆ మనిషి ఉన్నడో లేడో అనుకుంట ఉండాలె.”

“పోనీ వాళ్లకే చెప్పరాదు? రోజుకో ముక్క కలపమను. ఎండ కొడుతున్నది, వాన పడుతున్నది, ఏదో ఒకటి. చేట పట్టదు.”

ఓదెలు గట్టిగా నవ్వాడు. జమునకు కూడా నవ్వొచ్చింది. “మేడం, కొమురెల్లి నాకు ‘ఎక్కిన, వాతావరణం బాగున్నది’ అని పంపిండనుకో. చెప్పులు గూడ ఏసుకోకుంట దవాఖానకు ఉరుకుత. ఆయన పేరు మీద ఇంకెవరో రాసిండ్రని.”

అదీ సంగతి. ఇంటింటికీ కొత్త మాట అల్లి పంపేది తాలే. ఇవాళ కానుక, రేపు బెదిరింపు, ఎల్లుండి పాత స్నేహం. యంత్రానికి కొత్త మాటలకు కొదవ లేదు. ప్రాణంతో ఉన్న మనిషి తన వాళ్లకు చెప్పేది ఎప్పుడూ ఒకటే. సూత్రం రాసినవాళ్లు మనుషులు ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో ఒక్కరోజయినా చెవిపెట్టి వినలేదు.

జమున మళ్లీ తెరవైపు తిరిగింది. పొద్దున నియమాలు తీసేసి మళ్లీ పెట్టడం మరిచిపోయింది. అందుకని, ఎప్పుడూ పారేసే వరుసలు కూడా ఇప్పుడు తెర నిండా పారుతున్నాయి. ఎవరన్నా పెట్టె తెరిచి, అందులో కొత్తగా ఏమీ లేక మూసేస్తే చిట్టాలో ఒక వరుస పడుతుంది. వట్టి చూపు. జాబుల లెక్కకు దానితో పనిలేదు కాబట్టి స్క్రిప్టు మొట్టమొదట చీపురేసి ఊడ్చేది వాటినే.

ఓదెలు ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. “ఇదెవరిది? మూడున్నరకు వట్టి చూపు. ఇంకో నిమిషానికి వట్టి చూపు. మల్లొకటి. మల్లొకటి. ఎవరో పాపం, పెట్టె తలుపు ఊడిపోయేదాక… చెల్లె, ఇది నీ చిరునామానే గద!”

“కాదు.”

“నీదే! మేడం, ఇటు రాండ్రి. ఈమె లెక్కలు జూస్తున్నదని మనం అనుకుంటున్నం. ఈమె చేసే పని ఇది!”

“అన్నా, నోరు మూసుకుంటవా?”

“కొమురెల్లికి చెప్పాల్సిందే. ఆయనేమో ‘మా జమున ఊఁ అంటది, అంతకుమించి ఆమెకు పట్టది’ అంటడు పాపం.”

జమున మొహం వేడెక్కింది. పదకొండేళ్లుగా దాచుకున్నది పదకొండేళ్లుగా చిట్టాలో పడుతోంది. తన చేత్తో రాసిన స్క్రిప్టే రోజూ దాన్ని ఊడ్చేస్తోంది. తిట్టడానికి నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది.

వేళ్లు వాటంతటవే కదిలాయి. మిగతా చిరునామాలు తీసింది. నాగేశ్వరి ఇల్లు, వట్టి చూపు. దూడం ఎల్లయ్య ఇల్లు, వట్టి చూపు. అగ్గిబందు మనిషి ఉన్న ప్రతి ఇంటి నుంచీ, సైరన్‌కు ముందు, వట్టి చూపులు. మాట వచ్చాక ఒక్కటీ లేదు.

“మేడం,” అంది నెమ్మదిగా, “చేట పంపినోణ్ని చూస్తది. మాటను చూస్తది. తీసుకునేటోళ్ల దిక్కు ఒక్కసారన్న చూడదు. ఒస్తదని చూసినదాన్ని తాలని ఎట్లంటం?”

“అనొద్దంటే?”

“మూడో గడి పెడుత. గింజ ఒకటి, తాలు ఒకటి, ఎదురుచూపు ఒకటి. కుప్పల పడ్డ జాబు కోసం ఎవరన్న ముందుగాల్నే వట్టి చూపు చూసి ఉంటే, అది అందుల పడుతది. దాచుడు లేదు. అన్న చేత్తోని తీసినయన్నీ అందుల పబ్లిక్‌గ ఉంటయ్.”

“పాగల్ అయినవా? జోనుకు రెండు గడులే తెలుసు. మొత్తం తప్పుతది. నీ ఉద్యోగం, నాది, ఓదెలు పింఛన్…”

“నా పింఛన్ సంగతి నేను జూసుకుంట,” అన్నాడు ఓదెలు. నవ్వు పోయింది అతని గొంతులోంచి. “ఇన్నేండ్ల సంది దొంగోని తీర్గ తీస్తున్న మేడం. ఎవరికి? నా పక్కింటోళ్లకు. గందుకు దొంగనెందుకు గావాలె నేను?”

జమున గడి రాసింది. పది వరుసల పని. ఈ మధ్య కుప్పలో పడ్డదంతా పోసి పరీక్షించింది. ఎక్కినలు వరుసగా వచ్చి మూడో గడిలో కూర్చున్నాయి. వాటితో పాటు ఆమె అనుకోనివి కూడా వచ్చాయి. ఎవరో ఎవరికో రోజూ పంపే “గోలీ ఏసుకున్నవా?”. ఎవరో ఎవరికో ప్రతి బుధవారం పంపే “కోపం పోయిందా?”. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

“మేడం, ఇందుల మీ పెట్టె గూడ ఉన్నది.”

“నాదా?”

“నిర్మల్ నుంచి. నస్రీన్ అని. ‘తిన్నవా ఆపా?’ రోజు మధ్యాహ్నం.”

షమీమ్ లేచి వచ్చి తెర ముందు వంగింది. నస్రీన్ ఆమె చెల్లెలు. వాళ్ల నానమ్మ కుట్టుమిషను ఎవరు తీసుకోవాలన్న దగ్గర మాటా మాటా అనుకున్నారు. ఆ తర్వాత చెల్లెలి నుంచి జాబు రాలేదు. తనే ముందు రాయడమేమిటని ఈమె కూడా రాయలేదు. కానీ పెట్టె మాత్రం రోజూ తెరిచింది. ఆ వట్టి చూపులు కూడా అక్కడే, చెల్లెలి ప్రశ్నల పక్కనే ఉన్నాయి.

కళ్లద్దాలు తీసి దుపట్టాతో తుడిచింది. అద్దాలను కాదు, ముందు కళ్లను.

“అలిగిందనుకున్న,” అంది. “అది తిన్నవా అని అడుగుతనే ఉన్నది. నేను ఎంత ఎడ్డిదాన్ని చూడు!”

ఓదెలు తన చల్లారిన చాయ్ ఆమెవైపు జరిపాడు. ఆమె దాన్ని గుటకేసి మొహం చిట్లించింది.

“పంపు.”

“అయిదింటికా మేడం?”

“అయిదు దాక ఎందుకు? ఇప్పుడే పంపు.”

జమున ఒక్క క్షణం తటపటాయించింది. “ఇప్పుడే పంపితే మనదే ముందు పోతది. అయిదుకు ముందు ఎవరు పంపరు. జోను యంత్రం గడుల పేర్లు ముందొచ్చిన పట్టిక నుంచే తీసుకుంటది. అంటే పద్నాలుగు కేంద్రాలకు మూడు గడులైతయ్.”

అందులో తెలివేమీ లేదు. జోనులో ఎవడో ఎప్పుడో బద్ధకంగా రాసిపారేసిన ఒక వరుస, ఎవరూ ముట్టుకోక అలాగే ఉండిపోయింది.

“కానియ్,” అంది షమీమ్. “నా ఒక్కదాని చెల్లెనే అలిగిందా ఏంది?”

పట్టిక పోయింది.

సైరన్ ఊదింది. ఓదెలు చెయ్యి పెట్టి కుప్పలోంచి తీశాడు, ఈసారి గుట్టుగా కాదు, బల్ల మీదికి వంగి అందరికీ కనపడేలా. ఒక్కో పేరూ చదివి మరీ తీశాడు. కొమురెల్లి పేరు దగ్గర కావాలనే ఆగాడు. జమున పెన్ను విసిరింది. అప్పుడు తీశాడు. పెట్టె తెరిస్తే ఒకటే మాట ఉంది. జవాబుగా “ఊఁ” అని కొట్టబోయి, ఆలోచించి, చివరికి “ఊఁ” అనే కొట్టింది. మార్చితే ఆయన ఉరుక్కుంటూ వస్తాడు.

షమీమ్ కిటికీ దగ్గర నిలబడి నిర్మల్‌లోని చెల్లెలికి ఏదో రాస్తోంది. చాలాసేపు రాసి, చాలాసేపు కొట్టేసి, చివరికి “తిన్న, నువ్వు?” అని పంపింది.

అయిదు దాటాక జోను నుంచి మొదటి కబురు వచ్చింది. పదమూడు కేంద్రాల పట్టికలు తిప్పి పంపేశారు, మూడో గడి ఖాళీగా ఉందని. రెండో కబురులో కారుడు అన్ని కేంద్రాల్లోనూ కనిపిస్తోందని ఉంది. మూడోది వచ్చేసరికి యంత్రం కాదు, మనిషే మాట్లాడాడు. పొద్దున పాఠం చెప్పిన ఆ పోరడే. ఎవరి చెయ్యి సీలు చేయాలో తేలేదాకా ఎవరి చెయ్యీ సీలు చేయవద్దన్నాడు. అతని గొంతులో పాఠం లేదు. వెనక ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

అంతలో జమున బల్ల మీది ఫోను మోగింది. కొత్త గొంతు, ఆడపిల్ల.

“అక్కా, ఖని కేంద్రమేనా? మాది ఆసిఫాబాద్. కొత్తగ చేరిన. మూడో గడిల ఏం నింపాలె? ఖాళీగ పంపితే జోను తీసుకుంటలేదు.”

“చిట్టాల వట్టి చూపులుంటయ్ చూడు. ఊడ్చెయ్యకు, ఉండనియ్. అయి ఎవరియో, వాళ్ల పేరు మీద తాలు కుప్పల ఏమున్నదో చూసి నింపు.”

“వట్టి చూపులా? ఓ… మా దగ్గర ఒకామె ఉన్నది అక్కా. పొద్దుగాల నుంచి తీసి చూస్తనే ఉంటది. రోజూ వట్టిదే. ఆమె వరుసలు చూసి మేం నవ్వుకుంటుంటిమి.”

“ఆమె పేరు మీద కుప్పల ఏమన్నున్నదా?”

అవతల మీటలు నొక్కిన చప్పుడు.

“ఉన్నదా?” అంది జమున.

“ఉన్నయ్.” ఆ పిల్ల గొంతు చిన్నదైపోయింది. “మస్తుగున్నయ్ అక్కా. అన్ని ఒకటే మనిషి నుంచి. అన్నిట్ల ఒకటే మాట.”

“మీ దగ్గర చెయ్యి ఎవరిది?”

“నాదే. ఇచ్చిండ్రు గని, తాలుకు పెట్టొద్దన్నరు.”

ఓదెలు చాయ్ గ్లాసు పట్టుకుని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. షమీమ్ కిటికీ దగ్గర్నుంచి తిరిగింది. జమున ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“తియ్యి బిడ్డా,” అంది. “అన్ని తియ్యి.”